బ్రిటిష్ లైబ్రరీలో అమరావతి చిత్రాలు: కేటలాగులో వెతకడం దగ్గర్నుంచి రాయితో జత కలిపేదాకా

"లండన్ వెళ్తున్నాం, అక్కడ అమరావతి బొమ్మలున్నాయట కదా, చూడాలంటే ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు రెండు రకాలు. శిల్పాలు చూడాలనుకునేవాళ్లకు జవాబు తేలిక. బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లి 33ఎ గది ఎక్కడని అడగండి, చాలు. గది ఆ రోజు తెరిచి ఉందో లేదో మాత్రం ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రెండో రకం వాళ్లు అడిగేది కాగితం మీది అమరావతి గురించి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు 1816లో మొదలుపెట్టి దీపాలదిన్నె (అమరావతి బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ) దగ్గర ఒక్కో పలకనూ కొలిచి గీసిన చిత్రాలవి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గోడకు తగిలించి ఉండవు. నంబరు రాసిచ్చి, అపాయింట్‌మెంట్ తీసుకుని, బల్ల ముందు కూర్చుంటే తెచ్చి చూపిస్తారు. ఈ మార్గదర్శి ఆ రెండో రకం వాళ్ల కోసం.

## 1. ముందు ఒక్క వాక్యం రాసుకోండి

ఏం తెలుసుకోవాలని వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి. "అమరావతి గురించి" అంటే కుదరదు. ఇలా ఉండాలి:

- "చెన్నై మ్యూజియంలో నేను చూసిన ఈ పలకను మెకంజీ మనుషులు గీశారా?"
- "1816 నాటికి దిబ్బ మీద ఏ వైపు ఎంత మిగిలి ఉంది?"
- "చిత్రకారులు పలకల మీది బ్రాహ్మి అక్షరాలను ఎంత సరిగ్గా దించుకున్నారు?"

వాక్యం రాయలేకపోతున్నారంటే ఇంకా లండన్ టికెట్ కొనే వేళ కాలేదన్నమాట. ముందు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఒక రోజంతా గడపండి. అమరావతి శిల్పాల్లో పెద్ద వాటా ఉన్నది అక్కడే, ఖర్చూ తక్కువ.

## 2. ఏది ఎక్కడుందో విడదీసుకోండి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఈస్టిండియా కంపెనీకి లండన్‌లో ఒక లైబ్రరీ, ఒక మ్యూజియం ఉండేవి. 1879లో ఆ మ్యూజియాన్ని పంచేశారు. రాళ్లు బ్రిటిష్ మ్యూజియానికి పోయాయి. కాగితాలు లైబ్రరీలోనే ఉండిపోయి, 1982లో బ్రిటిష్ లైబ్రరీ చేతికి వచ్చాయి. అందుకే ఒకే పలక తాలూకు రాయి ఒక భవనంలో, బొమ్మ ఇంకో భవనంలో ఉన్నాయి. రెంటికీ మధ్య ఓ ఇరవై నిమిషాల నడక.

లైబ్రరీలో మీకు పనికొచ్చేవి ఇవి:

- డబ్ల్యూడీ 1061 (WD 1061): మెకంజీ అమరావతి ఆల్బం. పలకల చిత్రాలు, దిబ్బ ప్లాను ఇందులోనే ఉన్నాయి. ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఈ నంబరు గుర్తుపెట్టుకోండి.
- డబ్ల్యూడీ వరుసలోని మరికొన్ని నంబర్లు: మెకంజీ సేకరించిన ఇతర ప్రాంతాల చిత్రాలు.
- "ఫోటో" (Photo)తో మొదలయ్యే నంబర్లు: పాత ఛాయాచిత్రాలు. లినేయస్ ట్రైప్ 1858లో మద్రాసు మ్యూజియంలో అమరావతి రాళ్లకు తీసిన ఫోటోలు వీటిలో ముఖ్యం.
- "ఐఓఆర్" (IOR)తో మొదలయ్యేవి: ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు. రాయి ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో కదిలిందో తేలాలంటే వీటిలో వెతకాలి.
- "ఎమ్‌ఎస్‌ఎస్ యూర్" (Mss Eur)తో మొదలయ్యేవి: వ్యక్తుల కాగితాలు. మెకంజీవీ వీటిలో ఉన్నాయి.

తెలుగు కైఫీయతుల (మెకంజీ రాయించి సేకరించిన ఊళ్ల చరిత్రల) కోసం లండన్ పోనక్కర్లేదు. ఆ రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. గుంటూరు జిల్లావి అచ్చులో కూడా వచ్చాయి.

## 3. కేటలాగులో వెతికే పద్ధతి

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి ఆగిపోయింది. పాత వ్యాసాల్లో కనిపించే లింకులు చాలావరకు ఇప్పుడు తెరుచుకోవు. దానికి టెన్షన్ పడొద్దు. లింకు మారుతుంది కానీ నంబరు మారదు. ఏ పుస్తకంలోనైనా, ఏ ఫుట్‌నోట్‌లోనైనా డబ్ల్యూడీ 1061, ఫోలియో (ఆల్బంలోని ఆకు) ఫలానా అని కనిపిస్తే వెంటనే రాసి పెట్టుకోండి. పాత లింకునే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి చూస్తే బొమ్మ రాకపోయినా దాని కింది వివరణ ఒక్కోసారి దొరుకుతుంది.

పేరుతో వెతికేటప్పుడు ఇవి గమనించండి:

- ఇప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగుతో ఆగిపోవద్దు. ఆనాటి దొరలు చెవికి తోచినట్టు రాశారు. ఊరి పేరు "అమ్రావుట్టి" అని పలికేలా ఒకచోట, "అమరావుట్టీ" అని పలికేలా ఇంకోచోట ఉంటుంది.
- దీపాలదిన్నె, ధరణికోట, అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేర్లకూ ఇదే బాధ. ఒక్కో పేరును నాలుగైదు రకాలుగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టి చూడండి.
- మహారాష్ట్ర అమరావతి ఫలితాలు కుప్పలుగా వస్తాయి. గుంటూరు, కృష్ణా, స్తూపం లాంటి మాట జత చేస్తే చాలావరకు తప్పుకుంటాయి.
- చిత్రాన్ని వర్ణించిన మాటలతో కూడా వెతకండి. కేటలాగు రాసిన మనిషికి ఆ కథ తెలిసి ఉండకపోవచ్చు. బుద్ధుడు మదపుటేనుగును లొంగదీసిన నలగిరి కథ ఉన్నచోట "ఏనుగు, జనం" అని మాత్రమే రాసి ఉండొచ్చు.

## 4. ఇంటి దగ్గర చేసుకోవాల్సిన కసరత్తు

రీడింగ్ రూములో గంటలు ఇట్టే అయిపోతాయి. ఏ పలక స్తూపంలో ఏ భాగమో అక్కడ కూర్చుని నేర్చుకోవడం కుదరదు. కనీసం ఈ ఐదూ చూడగానే గుర్తుపట్టాలి:

- వేదిక (స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె) స్తంభం: నడుమ నిండు వృత్తం, పైనా కిందా అర్ధ వృత్తాలు. మధ్య జాగా నిలువుగా మూడు భాగాలై ఉంటుంది.
- సూచి, అంటే అడ్డకమ్మి: ముఖాన గుండ్రటి పద్మం లేదా కథా దృశ్యం. స్తంభంలోకి దూరడానికి రెండు పక్కలా కొనలు. రెండు స్తంభాల మధ్య ఇవి మూడేసి ఉండేవి.
- ఉష్ణీషం: వేదిక తలమీది పొడవాటి దూలం. ఒకవైపు లావుపాటి పూలదండను మోసే మనుషులు, రెండోవైపు కథలు.
- మేధి పలక: స్తూపం అడుగుభాగాన్ని కప్పిన రాయి. చాలావాటి మీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది. అసలు స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది ఎక్కువగా వీటివల్లే.
- ఆయక స్తంభం: నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపినవి.

నిండు వృత్తం కనబడగానే స్తంభం అనేస్తారు చాలామంది. సూచికీ వృత్తమే ఉంటుంది. వృత్తం పైనా కిందా ఏముందో చూడండి. చెక్కడం కొనసాగితే స్తంభం. వృత్తంతోనే రాయి అయిపోతే సూచి. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పొరపాట్లు తగ్గిపోతాయి.

తర్వాత ఒక్కో పలకకు ఒక్కో కార్డు తయారు చేసుకోండి. నేను ఇప్పటికీ అట్ట ముక్కలే వాడతాను. ఎక్సెల్ వాడినా ఇబ్బంది లేదు. కార్డులో ఇవి ఉండాలి:

- రాయి ప్రస్తుతం ఉన్న చోటు, అక్కడి నంబరు. బ్రిటిష్ మ్యూజియంవి 1880,0709 తర్వాత ఒక చుక్క, ఒక సంఖ్యగా ఉంటాయి
- స్తూపంలో ఏ భాగం
- ఎత్తు, వెడల్పు సెంటీమీటర్లలో
- విరిగిన అంచుల రేఖాచిత్రం, చేత్తో గీసింది
- రెండు ముఖాలా చెక్కి ఉందా, ఒకవైపేనా

విరిగిన అంచు ఎందుకంటారేమో. దాని సంగతి 7వ మెట్టులో వస్తుంది.

## 5. పాస్, అపాయింట్‌మెంట్

రీడర్ పాస్ ఉచితం. గుర్తింపు పత్రం, ఇంటి చిరునామా రుజువు చూపించాలి. విదేశాల నుంచి వెళ్లేవాళ్లకు చిరునామా దగ్గరే చిక్కు వస్తుంది. పాస్‌పోర్టు సరిపోతుందిలే అనుకుని వెళ్లొద్దు. ఏయే పత్రాలు ఒప్పుకుంటున్నారో బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి, ఒరిజినల్సే తీసుకెళ్లండి.

పాస్ ఉన్నంత మాత్రాన ఆల్బం చేతికి రాదు. చిత్రాలు, ప్రింట్లు మామూలు పుస్తకాల్లా ఆర్డర్ పెట్టగానే వచ్చే సరుకు కాదు. వాటికి విడిగా అపాయింట్‌మెంట్ కావాలి. కొన్ని వారాల ముందే ఆసియా, ఆఫ్రికా విభాగానికి ఈమెయిల్ రాయండి. అందులో ఇవి ఉంటే చాలు:

1. మీరు ఎవరు, ఏం చదువుతున్నారు, రెండు వాక్యాల్లో
2. పూర్తి నంబరు, కావలసిన ఫోలియోలు
3. డిజిటల్ కాపీ ఎందుకు సరిపోదో ఒక వాక్యం
4. మీకు కుదిరే తేదీలు, కనీసం మూడు

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. పాత కాగితం బయటికి తీసిన ప్రతిసారీ ఎంతో కొంత నలుగుతుంది, అందుకని అవసరమైతేనే తీస్తారు. "పెన్సిల్ కొలత గీతలు చూడాలి", "కాగితం వెనకవైపు రాత చూడాలి" లాంటి కారణం చెబితే పని తేలిగ్గా అవుతుంది. "ఒరిజినల్ చూడాలని కోరిక" అని రాస్తే, న్యాయమైన కోరికే కానీ, పని కాకపోవచ్చు.

నా మొదటి అనుభవం చెబుతాను, ఏ లైబ్రరీయో అడగొద్దు. నంబరు రాశాను కానీ ఫోలియోలు రాయలేదు. పొద్దున్నే వెళ్తే అదే నంబరు కింద ఉన్న వేరే పెట్టె తెచ్చి పెట్టారు. వాళ్ల తప్పేం లేదు, నేను అడిగింది అదే. మధ్యాహ్నందాకా రోజు గంగలో కలిసింది.

## 6. బల్ల ముందు కూర్చున్నాక

కోటు, బ్యాగు లాకర్లో పెట్టి, కావలసినవి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో తీసుకెళ్లాలి. పెన్ను కుదరదు, పెన్సిలే. మంచినీళ్ల సీసా కూడా కుదరదు.

తెల్ల చేతితొడుగులు వేసుకోవాలేమో అనుకుంటారు, సినిమాల మహిమ. కాగితానికి శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులే మేలు. తొడుగు వేసుకుంటే అంచు తెలియక చింపే ప్రమాదం ఎక్కువ. ఫోటోల సంగతి వేరు, వాటికి తొడుగులు ఇస్తారు. హ్యాండ్ క్రీమ్ మాత్రం ఆ రోజుకు మానేయండి.

ఈ వరుసలో చూడండి:

1. ముందు ఊరికే చూడండి. ఐదు నిమిషాలు ఏమీ రాయొద్దు.
2. అంచులు. బొమ్మ చుట్టూ ఉన్న రాతలన్నీ దించుకోండి: తేదీ, గీసినవాళ్ల పేరో పొడి అక్షరాలో, స్కేలు, పలక దొరికిన దిక్కు. స్పెల్లింగ్ దిద్దొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి.
3. కొలత. స్కేలు గీత ఉంటే దానితో రాయి అసలు కొలత లెక్కగట్టండి. అడుగుకు 30.48, అంగుళానికి 2.54 సెంటీమీటర్లు. రెండడుగుల ఎనిమిదంగుళాలంటే దాదాపు 81 సెంటీమీటర్లు.
4. విరిగిన చోట్లు. ఏ మూల ఎలా విరిగిందో మీ కార్డు మీదే గీయండి.
5. వెనకవైపు. తిప్పమని సిబ్బందిని అడగండి, మీరు తిప్పొద్దు.
6. బొమ్మలోని కథ అన్నిటికన్నా చివర.

కథతో మొదలుపెడితే కన్ను ఆ కథనే చూస్తుంది. నలగిరి ఏనుగు వృత్తమే తీసుకోండి. చెన్నైలో ఉన్న ఆ రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు కనబడుతుంది: ఒకవైపు మనిషిని పట్టి విసురుతూ, రెండోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. కథ ముందే తెలిసినవాళ్లు ఆ రెండింటినీ చూసి తృప్తిపడి, పై కిటికీల్లోంచి తొంగిచూస్తున్న మనుషుల్ని లెక్కపెట్టడం మర్చిపోతారు. ఒక చిత్రం ఈ రాయిదా, అలాంటి ఇంకో రాయిదా అని తేల్చేవి మాత్రం ఆ తొంగిచూసేవాళ్లే.

ఫోన్‌తో ఫోటో తీయొచ్చా అన్నది వస్తువును బట్టి ఉంటుంది. అడిగి తీయండి, ఫ్లాష్ వద్దు. ప్రతి ఫోటోలో నంబరు రాసిన చీటీ ఒక మూల పడేలా చూసుకోండి. ఇంటికొచ్చాక నలభై ఫోటోల్లో ఏది ఏదో తెలియకపోతే ఆ ప్రయాణం దండగే.

## 7. చిత్రానికీ రాయికీ జత కలపడం

అసలు పని ఇదే. పలక మీద ఏముందన్న దాన్నిబట్టి జత కలపకండి. అమరావతిలో ఒకే దృశ్యం చాలా పలకల మీద ఉంది. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దాని ముందు పాదముద్రలు అంటే ఎన్ని రాళ్లని చెప్పను?

నమ్మదగిన ఆధారాలు ఈ వరుసలో వస్తాయి:

విరిగిన అంచు. మనిషికి వేలిముద్ర ఎలాగో రాతికి విరుగు అలాగ. మెకంజీ చిత్రకారులు విరిగిన చోట్లను అందంగా పూరించకుండా ఉన్నవి ఉన్నట్టు గీశారు, మనకు కలిసొచ్చిన సంగతి అదే. ఒక షరతు మాత్రం ఉంది. 1816 తర్వాత రాయి ఇంకా విరిగి ఉండొచ్చు. కాబట్టి చిత్రంలో రాయి కన్నా ఎక్కువ భాగం ఉంటే జత కుదరొచ్చు. చిత్రంలో విరిగి ఉన్న మూల ఇప్పుడు రాయికి నిండుగా ఉంటే అది వేరే రాయి అయినా అయి ఉండాలి, మ్యూజియం వాళ్లు విడి ముక్కను అతికించి అయినా ఉండాలి.

కొలతల నిష్పత్తి. సెంటీమీటర్లు అచ్చుగుద్దినట్టు కలవాలని పట్టుబట్టకండి. ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి కలిస్తే చాలు.

చిన్న విషయాల లెక్క. వృత్తం చుట్టూ రేకులెన్ని? పై వరుసలో తలలెన్ని? ఎడమ నుంచి మూడో మనిషి చెయ్యి ఎటు ఉంది? మూడు లెక్కలు సరిపోతే ముందుకు సాగండి.

శాసనం. రాతి మీద అక్షరాలుంటే చిత్రకారుడు అర్థం తెలియకపోయినా దించే ప్రయత్నం చేశాడు. ఒకటి రెండు అక్షరాలు వంకర పోయినా మొత్తం ఆకారం పట్టిస్తుంది.

ప్రయాణం. రాయి ఇప్పుడున్న చోటుకు ఏ దారిన వచ్చింది? మెకంజీ పంపించినవి కలకత్తాకు, మద్రాసుకు పోయాయి. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్నింటిని చౌకులో నిలబెట్టించాడు, అవి తర్వాత మద్రాసు చేరాయి. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన వాటిలో చాలా భాగం లండన్ చేరాయి. 1880లో దిబ్బ మొత్తాన్ని గొయ్యి చేసి బయటికి తీసినవి వేరు. 1816లో గీసిన రాయి 1880లో మొదటిసారి మట్టిలోంచి బయటపడ్డట్టు రికార్డుంటే అనుమానించండి. కానీ కొట్టిపారేయకండి, ఈ మధ్యలో మళ్లీ పూడిపోయి ఉండొచ్చు.

రెండు ముఖాల పలకల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త పడాలి. బ్రిటిష్ మ్యూజియంలో ఒక మేధి పలకకు ఒకవైపు తొలికాలపు చెక్కడం ఉంది: బోధివృక్షం, ఖాళీ ఆసనం, బుద్ధుడి రూపం లేదు. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాతిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు, దాని ద్వారంలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఇలాంటి రాతికి చిత్రంలో ఒక ముఖమే ఉండొచ్చు. కార్డులో "రెండు ముఖాలు" అని రాసుకోమన్నది ఇందుకే.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

కుడి ఎడమల గందరగోళం. "ఎడమ చెయ్యి పైకెత్తిన స్త్రీ" అని రాసుకుంటాం. ఎవరి ఎడమ? చూసేవాళ్లదా, బొమ్మదా? నా నోట్సులో ఒక పుస్తకం మొత్తం ఇలాగే పాడైంది. విరుగుడు: ఎప్పుడూ "చూపరి ఎడమ" అనే రాయండి, మొదటి పేజీలో ఆ మాట నమోదు చేయండి.

తిరగబడ్డ ఫోటో. పాత పుస్తకాల్లో బొమ్మలు అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి అచ్చైన సందర్భాలుంటాయి. పలక మీద అక్షరాలుంటే అవి సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూడండి.

ఒకే పలకకు రెండు చిత్రాలు. సొంతానికీ, పైకి పంపడానికీ నకళ్లు తీయించేవాళ్లు. రెండు చిత్రాలు కనిపించగానే రెండు రాళ్లని లెక్కేయకండి.

చిత్రం మీది తేదీని తవ్విన తేదీ అనుకోవడం. అది గీసిన రోజు, అంతే.

నంబరు లేకుండా ఉదహరించడం. "మెకంజీ ఆల్బంలోని ఒక చిత్రం" అంటే తర్వాత చదివేవాడికి ఏమీ చెప్పనట్టే. లైబ్రరీ పేరు, నంబరు, ఫోలియో: మూడూ ఉండాలి.

## 9. బొమ్మను అచ్చు వేయాలంటే

రెండొందల ఏళ్ల నాటి బొమ్మ కదా, ఎవరి అనుమతి కావాలి అనుకోవద్దు. బొమ్మ పాతదే కానీ దాని డిజిటల్ ఫోటో ఇచ్చేది లైబ్రరీ, దానికి వాళ్ల నిబంధనలుంటాయి. పుస్తకానికి ఒక నియమం, పరిశోధన వ్యాసానికి ఒకటి, అమ్మకానికి పెట్టే క్యాలెండర్‌కు ఇంకొకటి. ఎందుకు వాడుకుంటున్నారో రాసి ముందే అడగండి. మీ ఫోన్‌తో తీసుకున్న ఫోటో మీ నోట్సు కోసమే, అచ్చు కోసం కాదు.

## 10. జత దొరకని కార్డులు

చివరికి కొన్ని చిత్రాలకు ఏ రాయీ కలవదు. ఇవి తక్కువేం ఉండవు. ఆ దిబ్బ రాళ్లు ఇళ్లకూ, గుడులకూ, కోనేటి మెట్లకూ పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి.

అలాంటి కార్డు మీద "పోయింది" అని రాయకండి. "కనబడలేదు" అని రాసి, కింద ఎక్కడెక్కడ వెతికారో, ఏ తేదీన వెతికారో రాయండి: ఎగ్మోర్, అమరావతి మ్యూజియం, కోల్‌కతా, లండన్, ఢిల్లీ. మ్యూజియం గ్యాలరీలో లేని రాయి అదే మ్యూజియం గోదాములో ఉండొచ్చు. అడిగారా లేదా అన్నది కూడా కార్డు మీదే నమోదు చేయండి.

ఈ కార్డులను విడిగా ఒక రబ్బరు బ్యాండు వేసి ఉంచండి. ఈసారి అమరావతి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లండి.